జమున నవ్వూ భుజంగరావు గుండే

జమునకు కంగారు పుడితే నవ్వొస్తుంది. ఇతరులకు చెమటలు పట్టే చోట, నాలుక పిడచకట్టే చోట, ఆమెకు మాత్రం పొట్టలోంచి నవ్వు బుడబుడమంటూ తన్నుకొస్తుంది. ఆపాలని పెదాలు బిగబడితే ముక్కులోంచి వస్తుంది. ముక్కు మూసుకుంటే భుజాలు ఊగుతాయి.

వాళ్ళ నాన్న అంబదాస్ సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, లింబాయత్‌లో ఇల్లు తీసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆ గల్లీలో ఒకసారి పక్కింటి ముసలాయన పోతే, ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చుని రాగాలు తీస్తున్నారు. మధ్యలో చిన్నపిల్ల జమున కిసుక్కుమంది. తల్లి ఎల్లవ్వ కొంగు ఉండచుట్టి పిల్ల నోట్లో కుక్కి, రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చింది.

"ఏందే నీకు రోగం? సావు కాడ ఎవరన్న నవ్వుతరానె?"

"నేను నవ్వుత లేనే అవ్వా, నాకు భయమైతుంది!" అంది జమున, నవ్వుతూనే.

అలాంటి పిల్ల పెరిగి పెద్దదై, డిగ్రీ చదివి, 108 ఆంబులెన్స్‌లో ప్రాణాలు కాపాడే ఉద్యోగానికి పోతానంటే ఎల్లవ్వ తల పట్టుకుంది. "ఆళ్ళు ఏడుస్తుంటే నువ్వు పండ్లికిలిస్తే తంతరు బిడ్డా" అంది. నిజానికి శిక్షణలోనే తన్నించుకునేంత పని చేసింది జమున. ఆగిపోయిన గుండెను చేతులతో నొక్కి నడిపించే పద్ధతిని రబ్బరు బొమ్మ మీద నేర్పుతున్నారు. పాఠం చెప్పే ప్రమీలా మేడమ్ గడియారం పట్టుకుని తల మీద నిలబడేసరికి జమునకు నవ్వు మొదలైంది. నవ్వుతూనే నొక్కింది. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. మేడమ్ బొమ్మ పక్కన ఉన్న చిన్న తెర వైపు చూసి, "లోతు సరిగ్గా ఉంది, వేగం సరిగ్గా ఉంది, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానిస్తోంది," అంది. తర్వాత జమున వైపు తిరిగి, "నవ్వు వస్తే రానీ. చేతులు ఆగకూడదు. అంతే!" అంది.

ఆ మాటతో జమునకు లోకం మొత్తం తన పేరున రాసిచ్చినంత సంబరమైంది. అంతవరకూ అందరూ ఆ నవ్వు మానిపించాలనే చూశారు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకోవచ్చని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

ఉద్యోగంలో చేరాక జమునకు జోడీగా దొరికినవాడు ధన్‌సుఖ్. సూరతీ మనిషి. మగ్గాల గల్లీలో పుట్టి, సగం మంది తెలంగాణ వాళ్ళ మధ్య పెరగడంతో వాళ్ళ తెలుగే మాట్లాడతాడు, మధ్యలో గుజరాతీ జల్లుతాడు, జమునను బెన్ అని, అంటే చెల్లెలని, పిలుస్తాడు. ఆంబులెన్స్ నడిపేవాణ్ణి వాళ్ళ ఉద్యోగంలో పైలట్ అంటారు. ధన్‌సుఖ్ ఆ మాటను మరీ మనసుకు పట్టించుకున్నాడు. స్టీరింగ్ చేతికొచ్చిందంటే రోడ్డు తన కింద నుంచి జరిగిపోతుందనే అనుకునేవాడు.

మొదటి ఏడాదిలో ఒక పేషెంటును తీసుకువెళ్తుండగా దారిలో గుండె ఆగింది. జమున లేచి నిలబడి నొక్కడం మొదలుపెట్టింది. అప్పుడే ముందు ఒక రిక్షా అడ్డం వచ్చింది. ధన్‌సుఖ్ బ్రేకు మీద నిలబడ్డాడు. జమున గాల్లో తేలి వెళ్ళి మందుల అలమర అంచుకు గుద్దుకుంది. కనుబొమ్మ చిట్లి రక్తం కళ్ళల్లోకి కారింది. ఆమె మళ్ళీ లేచి స్ట్రెచర్ దగ్గరికి వచ్చేదాకా ఆ గుండెను నొక్కే చేయి లేదు. ఆ మనిషి దక్కలేదు. దక్కేవాడా కాదా అన్నది ఎవరికీ తెలియదని డాక్టర్లు అన్నారు. కనుబొమ్మకు కుట్లు పడ్డాయి. ఆ రోజు మాత్రం జమున నవ్వలేదు.

కుట్లు విప్పిన మర్నాడు ఆమె ధన్‌సుఖ్‌తో, "అన్నా, నువ్వోసారి ఎనక పండుకోవాలె," అంది.

"నాకేమైంది బెన్? మంచిగనే ఉన్న గద!"

"పండుకో, చెప్త."

సెలవు పూట, డూమస్ సముద్రతీరం వైపు ఖాళీ రోడ్డు మీద, పై అధికారుల అనుమతి తీసుకుని బండి పెట్టారు. ధన్‌సుఖ్‌ని స్ట్రెచర్ మీద పట్టీలతో బిగించారు. మరో పైలట్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "ధన్‌సుఖ్ అన్న ఎట్ల నడుపుతడో అట్లనే నడుపు" అని జమున చెప్పింది. అతను నమ్మకంగా అలాగే నడిపాడు. మొదటి మలుపు దగ్గర "అరె!" అన్నాడు ధన్‌సుఖ్. రెండో మలుపు దగ్గర "అరె బాప్‌రే!" అన్నాడు. స్పీడు బ్రేకర్ దగ్గర దేవుళ్ళను వరసపెట్టి పిలిచాడు. బండి ఆగాక మొహం పచ్చి మామిడికాయ రంగులో దిగివచ్చి, రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు.

"బెన్... నేను ఇట్లనే నడుపుతనా?"

"ఇంతకంటె జోరుగ."

"మరి నువ్వు ఇన్ని దినాలు నన్నెందుకు కొట్టలే?"

జమునకు నవ్వు ఆగలేదు. ధన్‌సుఖ్‌కి కూడా అంటుకుంది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని రోడ్డు పక్కన దొర్లినంత పని చేశారు. ఆ తర్వాత పని మొదలైంది. రబ్బరు బొమ్మను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, దానికి కాకా అని పేరు పెట్టి, ఖాళీ దొరికినప్పుడల్లా సాధన చేశారు. కదిలే బండిలో నొక్కితే దెబ్బలు వంకర పోతాయని, లోతు తగ్గిపోతుందని బొమ్మ తెర మీదే కనిపించింది. అందుకని మొదటి నియమం పెట్టుకున్నారు. గుండె ఆగితే బండి ఆగాలి. పక్కకు తీసి, ఆపి, అక్కడే పని కానిచ్చి, గుండె మళ్ళీ కొట్టుకున్నాకే కదలాలి. ఆపడానికి చోటే లేకపోతే అప్పుడు రెండో నియమం. లోపలి గోడకున్న పట్టీని జమున నడుముకు తగిలించుకోవాలి. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, తొడలను స్ట్రెచర్ అంచుకు ఆనించి నిలబడాలి. ధన్‌సుఖ్ తాబేలులా నడుపుతూ, ముందు వచ్చే ప్రతి గుంటనూ, మలుపునూ, బ్రేకునూ గట్టిగా అరిచి చెప్పాలి.

"పైలట్ పోయి కామెంట్రీ చెప్పేటోడినైన!" అని ధన్‌సుఖ్ వాపోయాడు గానీ, ఆ పని అతనికి మహా నచ్చింది. ఖాళీ బండి నడుపుతున్నా కామెంటరీ ఆపేవాడు కాదు.

సెలవు రోజుల్లో జమున కాకాను భుజాన వేసుకుని మిల్లుల గేట్ల దగ్గరకూ, సొసైటీలకూ వెళ్ళి, దారిలో ఎవరైనా కుప్పకూలితే ఏం చేయాలో చూపించేది. పాండేసరలో ఒక రంగుల మిల్లు గేటు దగ్గర, పరమేశ్ అనే నలభై అయిదేళ్ళ మనిషి వెనక నిలబడి, "బొమ్మకు పానం పోస్తవా చెల్లె?" అని హేళన చేశాడు. జమున అతన్నే ముందుకు పిలిచింది. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చెయ్యి మీద చెయ్యి వేయించి, మోచేతులు వంచకుండా నొక్కించింది. కాసేపటికే పరమేశ్ ఆయాసపడ్డాడు.

"వామ్మో, గిది గుడ్డల మూట మోసుడు కంటె కష్టమున్నది గదా!"

"అందుకే ఒక్కరే చేయొద్దన్నా. జర అలసిపోయినట్టు కాంగనే ఇంకొకరు అందుకోవాలె. చెయ్యి మారేటప్పుడు గుండెకు సెలవు దొరకొద్దు."

ఇదంతా జరిగిన కొన్నాళ్ళకు, జనవరి చలిలో, ఉధనా దగ్గరి ఒక తోటలో ఆ సంగతి జరిగింది.

ఆ తోటలో రోజూ పొద్దున్నే ఒక నవ్వుల క్లబ్బు నడుస్తుంది. స్థాపించినవాడు భుజంగరావు. రైల్వేలో స్టేషన్ సూపరింటెండెంటుగా చేసి రిటైరై, ఉద్యోగం అయిపోయినా సూరత్ వదలలేక ఉండిపోయిన తెలుగాయన. మనిషి భారీ, నవ్వు ఇంకా భారీ. ఆయన భార్య శేషారత్నం రైల్వే కాలనీ పిల్లలకు చాలాకాలం కర్ణాటక సంగీతం చెప్పింది. ఆమెకు ఈ గుంపు నవ్వులంటే పడదు. "శ్రుతి లేదు, లయ లేదు," అని చెవిలో దూది పెట్టుకుని తోట చుట్టూ నడుస్తుంది.

ఆ రోజు ఆఖరి అంశం సింహం నవ్వు. నాలుక బయటికి చాపి, కళ్ళు పెద్దవి చేసి, పంజాలు ఎత్తి గర్జిస్తూ నవ్వాలి. భుజంగరావు మధ్యలో నిలబడి నాలుక చాపాడు, కళ్ళు తెరిచాడు, పంజాలు ఎత్తాడు. గర్జించబోయి, అలాగే వెల్లకిలా గడ్డి మీద పడిపోయాడు.

క్లబ్బు చప్పట్లతో దద్దరిల్లింది. "వహ్వా!" అన్నారెవరో. సింహం చచ్చిపడే సీను కొత్తగా పెట్టాడనుకున్నారు. ఆయన గొంతులోంచి ఆగి ఆగి ఒక గుర్రుమనే చప్పుడు వస్తుంటే, నిద్రపోయే సింహమని ఇంకాస్త నవ్వారు.

నడుస్తున్న శేషారత్నం ఆగిపోయింది. దూదిలోంచి కూడా ఆ చప్పుడు ఆమెను తాకింది. ఆ మనిషి గురకా తెలుసు, నవ్వూ తెలుసు. ఇది రెండూ కాదు.

"నవ్వడం ఆపండి! ఆయనకేదో అయింది!" అని అరుస్తూ పరుగెత్తింది.

సరిగ్గా ఆ సమయానికి, రాత్రి డ్యూటీ దిగిన పరమేశ్ సైకిల్ మీద తోట పక్కగా ఇంటికి పోతున్నాడు. కేక విని రెయిలింగ్ మీదుగా చూశాడు. నోరు తెరుచుకుని, కదలకుండా పడి ఉన్న మనిషి. ఆగి ఆగి ఒక గుటక లాంటి ఊపిరి. జమున గేటు దగ్గర చెప్పిన మాట చెవిలో మోగింది. అది ఊపిరి కాదు, ఊపిరి అనుకుని మోసపోవద్దు. సైకిల్ ఎక్కడ పడిందో కూడా చూడకుండా రెయిలింగ్ దూకాడు.

"సారూ! ఓ సారూ!" అని భుజాలు తట్టాడు. పలుకు లేదు. "108కి ఫోన్ కొట్టుండ్రి! జల్ది!" అంటూ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, ఛాతీ నడుమ నొక్కడం మొదలుపెట్టాడు.

ఒకాయన ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల నుంచి ఒక అమ్మాయి, "గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కండి" అని హిందీలో చెబుతూనే ఉంది. పరమేశ్‌కు చేతుల కింద ఏదో పుటుక్కుమన్నట్టు తగిలింది. "అయ్యో, బొక్క ఇరిగింది!" అని చేతులు వెనక్కి తీసుకోబోయాడు. "ఫర్వాలేదు, ఆపకండి!" అంది ఫోన్. ఆగలేదతను. చెమటకు అతని అరచేతులకు పట్టిన మిల్లు రంగు కరిగి, భుజంగరావు తెల్ల బనీను మీద రెండు చేతుల గుర్తులు రాణీ గులాబీ రంగులో దిగాయి.

జమున బండి తోటకు దగ్గరి నాలుగు రోడ్ల కూడలిలోనే ఉంది. ధన్‌సుఖ్ అప్పుడే వేడి వేడి లోచో ప్లేటు అందుకున్నాడు. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించి, పైన నూనె, సన్న కారప్పూస వేసిచ్చే ఆ సూరత్ ఫలహారం అంటే అతనికి ప్రాణం. ఫోన్ మోగగానే ప్లేటును పక్కవాడి చేతిలో పెట్టేసి సీటెక్కాడు.

వాళ్ళు తోటలోకి వచ్చేసరికి జమున భుజాలు అప్పుడే ఊగుతున్నాయి. ఒక పెద్దాయన చూసి మండిపడ్డాడు. "ఏమిటమ్మా ఆ నవ్వు? ఇక్కడ ప్రాణం పోతుంటే!"

"కంగారు సార్! పట్టించుకోకుండ్రి!" అంటూనే ఆమె చేతులు పని మొదలుపెట్టాయి. బనీను కత్తిరించింది. గుండెకు షాకిచ్చే యంత్రం పలకలు ఛాతీకి అంటించింది. పరమేశ్‌ను చూసి గుర్తుపట్టింది. "అన్నా! నువ్వా! ఆపకు, నొక్కు, నేను చెప్పినప్పుడే చేతులు తియ్యి!"

"నీ కోసమే చూస్తున్న చెల్లె, నా నడుములు పోయినయ్!"

క్లబ్బు వాళ్ళంతా ఒకటే మాట. "ముందు బండెక్కించండి! ఆస్పత్రికి తీసుకుపోండి!"

"బండ్లె పెడితె చేతులు సక్కగ పడయ్ సార్. ఈడనే లేపాలె, లేపినంక పోదాం," అంది జమున. ఆ మాట అంత గట్టిగా, అంత నవ్వుతూ అనేసరికి అందరూ వెనక్కి జరిగి చోటిచ్చారు.

ధన్‌సుఖ్ పరమేశ్ చోటులోకి జారాడు. అతని చేతులు తొందరలో మరీ వేగంగా పడుతున్నాయి. పక్కనే కూర్చున్న శేషారత్నం, తెలియకుండానే తొడ మీద తాళం వేస్తోంది. జమునకు అది కనిపించింది.

"అమ్మా! గట్లనే! జర గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి, గీ వేగంతోని," అని తన చేత్తో గాల్లో చూపించింది. "తగ్గనీయొద్దు, పెరగనీయొద్దు!"

శేషారత్నం చెవిలో దూది పీకి పారేసింది. కళ్ళు తుడుచుకుని చప్పట్లు అందుకుంది. ఆమె లయలోకి క్లబ్బు మొత్తం వచ్చి చేరింది. ఎంతమంది సరిగ్గా పాడని పిల్లల్ని దారిలో పెట్టిందో ఆమె, ఒక్క చప్పట కూడా ముందుకు పరుగెత్తనివ్వలేదు. "బాబూ, పరుగొద్దు! లయ నిలబెట్టు!" అని ధన్‌సుఖ్‌ను కూడా అదిలించింది. యంత్రం అందరినీ దూరంగా జరగమంది. షాక్ కొట్టింది. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ నొక్కుడు. కాసేపటికి జమున మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది.

ఉంది. పిచ్చుక రెక్కలాగా చిన్నగా, కానీ ఉంది.

"వచ్చింది!" అని ఆమె అన్న కేకకు తోటలోని పావురాలన్నీ లేచిపోయాయి.

స్ట్రెచర్ మీద భుజంగరావును పట్టీలతో బిగించి, ఆక్సిజన్ పెట్టి బండెక్కించారు. దారిలో మళ్ళీ చేతులు అవసరం కావచ్చని జమున పరమేశ్‌ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి బెల్టు పెట్టించింది. శేషారత్నం ముందు సీట్లో కూర్చుంది. ఆస్పత్రికి ఫోన్ చేసి సంగతి చెప్పారు. బండి కదిలింది.

కదిలింది గానీ, ఎడ్లబండి నయం అన్నట్టుంది. శేషారత్నం తట్టుకోలేకపోయింది.

"ఏం బాబూ, కాస్త వేగంగా పోనీవయ్యా! నీ చేతిలో సైరన్ ఉంది కదా!"

"అమ్మా, నేను గిట్ల మెల్లగ నడుపుడు నేర్చుకోనీకే శానా కష్టపడ్డ. నన్ను చెడగొట్టకుండ్రి," అన్నాడు ధన్‌సుఖ్.

ఫ్లైఓవర్ ఎక్కారు. సరిగ్గా దాని నడినెత్తిన, జమున ఎదుట తెర మీద గీత చెదిరి పిచ్చిగీతలైంది. భుజంగరావు మెడలో నాడి పోయింది.

"అన్నా, గుండె ఆగింది! ఆపు!"

"బ్రిడ్జి మీదున్నం బెన్! ఆపనీకి జాగ లేదు, ఎనక లారీలు గుద్దుతయ్! దిగంగనే ఆపుత!"

జమునకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వుతూనే పట్టీ నడుముకు తగిలించుకుంది. పాదాలు ఎడంగా, మోకాళ్ళు వదులుగా, తొడలు స్ట్రెచర్‌కు ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. "పరమేశన్నా, నా పట్టీ ఎనక నుంచి పట్టుకో! నువ్వు బెల్టు ఇప్పకు!"

పరమేశ్ ఎప్పుడూ పరాయి ఆడమనిషి నడుము పట్టీ పట్టుకున్నవాడు కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని, రెండు చేతులతో పట్టీని మాత్రం మోకులా పట్టుకున్నాడు. "మల్లన్నా, కొమురెల్లి మల్లన్నా!" అని మొదలుపెట్టాడు.

"అమ్మా, చప్పట్లు!" అని అరిచింది జమున.

ముందు సీట్లో శేషారత్నం వేగం సంగతి మరచిపోయింది. డాష్‌బోర్డు మీద అరచేత్తో తాళం అందుకుంది. పక్కన ధన్‌సుఖ్ గొంతెత్తాడు. "ముంగట బ్రిడ్జి అతుకొస్తుంది బెన్... వచ్చె... దాటె! ఎడమకు వంపు... మెల్లగ వంగుతున్న... పట్టుకో! బ్రేకు కొడుతున్న, చిన్నగా, చిన్నగా... అయిపాయె!" చప్పట్లకు అతని కామెంటరీ కూడా లయలో పడిపోయింది. పక్కగా హజీరా పోయే కంపెనీ బస్సు వస్తోంది. అందులో పనివాళ్ళు కిటికీల్లోంచి చూస్తే, ఆంబులెన్స్ ముందు సీట్లో ఒక పెద్దావిడ తాళం వేస్తోంది, డ్రైవరు తల ఊపుతూ పాడుతున్నాడు, లోపలి నుంచి ఒకమ్మాయి నవ్వు వినిపిస్తోంది. ఎవరింట్లోనో పెళ్ళి కాబోలనుకుని ఇద్దరు ముగ్గురు చేతులు కూడా ఊపారు.

"నవ్వుతున్నవా ఏడుస్తున్నవా చెల్లె?" అన్నాడు పరమేశ్ కళ్ళు తెరవకుండా.

"నాకే తెల్వదన్నా! పట్టి మాత్రం ఇడ్వకు!"

మధ్యమధ్య ఆగి బుడగ సంచితో ఊపిరి అందిస్తూ, మళ్ళీ నొక్కుతూ, ఫ్లైఓవర్ వాలంతా అలా దిగారు. దిగీ దిగగానే ధన్‌సుఖ్ ఎడమకు తీసి, పచ్చి జొన్న పొంక్ అమ్మే డేరాల పక్కన బండి ఆపాడు. ఆపిన మరుక్షణం వెనక తలుపు తీసుకుని లోపలున్నాడు. బండి కదలడం లేదు కాబట్టి ఇక యంత్రం గుండెను సరిగ్గా చదవగలదు. చదివింది, షాక్ కొట్టమంది.

"అందరు దూరం!"

కొట్టింది. జమున చేతులు అలసిపోయాయని చూసి పరమేశ్ బెల్టు విప్పుకుని అందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెడుతూ పదిహేను దాకా వచ్చాడో లేదో, ఒక బరువైన చెయ్యి లేచి అతని మణికట్టును పట్టుకుంది.

పరమేశ్ కెవ్వున అరిచాడు.

భుజంగరావు కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆక్సిజన్ ముసుగులోంచి గొంతు బొంగురుగా వచ్చింది. "ఎవర్రా అది... నా మీద ఎక్కింది... రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి పో..."

జమున నవ్వింది. ఈసారి దాన్ని దాచుకోవలసిన పని లేదు. ధన్‌సుఖ్ నవ్వాడు. పరమేశ్ నేల మీద కూలబడి, తన గులాబీ చేతులతో మొహం కప్పుకుని నవ్వాడు. మొహమంతా గులాబీ అయిపోయింది. ముందు సీటు వెనకనున్న చిన్న కిటికీలోంచి తొంగి చూస్తున్న శేషారత్నం, పెళ్ళయినప్పటి నుంచి ఎన్నడూ లేనంత శ్రుతి తప్పి, కళ్ళ నీళ్ళు కారుతుండగా నవ్వింది.

"ఏమండీ! నన్ను వదిలేసి పోదామనుకున్నారా!" అంది.

"అనౌన్స్‌మెంట్... ఇయ్యలేదే..." అని గొణిగి భుజంగరావు కళ్ళు మూసుకున్నాడు. జమున కంగారుగా నాడి పట్టి చూసింది. గట్టిగానే కొట్టుకుంటోంది. ఊరికే అలసిపోయాడంతే.

అందరూ మళ్ళీ బెల్టులు పెట్టుకున్నారు. ధన్‌సుఖ్ స్టీరింగ్ ముందుకొచ్చాడు.

"నెమ్మదిగానే పోనీ నాయనా," అంది శేషారత్నం. "ఎంత నెమ్మదిగా పోవాలనుంటే అంత నెమ్మదిగా."

పెద్దాసుపత్రిలో డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది. గుండెకు పోయే రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని, తెరిచి స్టెంట్ వేస్తామని చెప్పారు. వేశారు. జమున బండి వెనక మెట్టు మీద కూర్చుంది. నవ్వు ఇంకా సన్నగా వస్తూనే ఉంది, దాంతోపాటు కన్నీళ్ళూ. ఎల్లవ్వకు ఫోన్ చేసింది.

"అవ్వా, ఒకాయనను వాపస్ తెచ్చిన."

"ఏడికెల్లి?"

"ఏడికెల్లి అంటె... అసలైతె ఆడికెల్లి ఎవరు రారే!"

ఎల్లవ్వ, "నవ్వినవా?" అంది.

"మస్తు నవ్విన."

"మంచిగైంది తియ్యి. ఏమన్న తిన్నవా?" అంది ఎల్లవ్వ.

కొద్ది రోజుల తర్వాత, భుజంగరావును మామూలు వార్డుకు మార్చాక, అందరూ చూడ్డానికి వెళ్ళారు. పరమేశ్ మిల్లులో సెలవు పెట్టి, ఎంత రుద్దినా వదలని రంగు చేతులను జేబుల్లో దాచుకుని వచ్చాడు. భుజంగరావుకు పక్కటెముకలు రెండు విరిగి ఉన్నాయి. నవ్వితే నొప్పి. డాక్టరు నవ్వొద్దని కూడా చెప్పాడు. ఆయనకేమో సింహం నవ్వు దగ్గర నుంచి ఆస్పత్రి దాకా ఏమీ గుర్తులేదు.

"అసలేం జరిగిందో చెప్పండర్రా," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టారు. ముగ్గురూ ఒకేసారి. పరమేశ్ రెయిలింగ్ ఎత్తు పెంచాడు. ధన్‌సుఖ్ కామెంటరీని మళ్ళీ మొదటి నుంచీ, చేతులతో స్టీరింగ్ తిప్పుతూ చెప్పాడు. "కాదు కాదు, ముందు అతుకు, తర్వాత వంపు!" అని శేషారత్నం సరిదిద్దింది. మంచం పట్టె మీద తాళం కూడా వేసి చూపించింది. హజీరా బస్సులోంచి చేతులు ఊపారన్న చోట భుజంగరావు ఛాతీ పట్టుకుని, "వద్దర్రా, వద్దు, చంపేస్తున్నారు, అమ్మో నా పక్కలు!" అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. పక్క మంచాల వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. గుమ్మంలో నిలబడ్డ నర్సు నడుము మీద చేతులు పెట్టుకుని, "ఇది హార్ట్ వార్డా, నాటకమా?" అని అందరినీ బయటికి పొమ్మంది.

భుజంగరావు జమున చెయ్యి పట్టుకున్నాడు. కాస్త ఊపిరి కూడదీసుకున్నాక, "అమ్మాయ్, నువ్వు మా క్లబ్బులో చేరాలి. నీ అంత బాగా నవ్వేవాళ్ళు మాలో లేరు," అన్నాడు.

"నాకు పొద్దున డ్యూటీ ఉంటది సార్."

"అయితే క్లబ్బు టైము మారుస్తాం. రైళ్ళకే టైము మార్చినవాణ్ణి."

జమున జవాబు చెప్పేలోపే జేబులో ఫోన్ మోగింది. కడోదరా రోడ్డు మీద ఒకామెకు నొప్పులు వస్తున్నాయట. ధన్‌సుఖ్ అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. జమున అందరికీ ఒకేసారి దండం పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి పరుగెత్తింది. సైరన్ మోగేదాకా ఆమె నవ్వు వార్డులోకి వినిపిస్తూనే ఉంది.